‘పర్వాలేదు’ అనకూడని కొండ

(విజయవాడలో ఒక గ్రంథాలయ సభలో, విదేశాలకు చదువుకోసం, ఉద్యోగంకోసం వెళ్తున్న యువతీయువకులనూ వారి తల్లిదండ్రులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను పిలిచిన పెద్దలు విదేశంలో జీవితం గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. వీసా గురించి, అద్దె ఇంటి గురించి చెప్పగలిగినవారు ఈ హాలులోనే పదిమంది ఉంటారు. అందుకని నేను ఒక్క రోజు గురించి మాత్రమే మాట్లాడతాను. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్న కాలంలో, నా రెండో శీతాకాలంలో, సంక్రాంతి దాటిన తరువాతి శనివారం నలుగురు కొత్త స్నేహితులతో కలిసి ఆల్ప్స్ కొండల్లోకి వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చాను. ఆ రోజున నేను వదిలిపెట్టవలసి వచ్చిన ఒక తెలుగు మాట గురించి మీతో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ మాట ‘పర్వాలేదు’.

నేను గుంటూరు అరండల్‌పేటలో పుట్టి పెరిగాను. ఎవరింటికి వెళ్లినా ‘కాఫీ తాగుతారా?’ అంటే పర్వాలేదండీ అనడం, ‘ఇంకొంచెం వడ్డించమంటారా?’ అంటే పర్వాలేదు అనడం, ఒంట్లో బాగాలేకపోయినా అడిగినవారికి పర్వాలేదు అని చెప్పడం మా పెంపకంలో భాగం. ఎదుటివారిని శ్రమపెట్టకూడదన్న సంస్కారం ఆ మాటలో ఉంది. దానిని నేను ఈనాటికీ గౌరవిస్తాను. అయితే ఆ మాట చెల్లుబాటు కావడానికి వెనక ఒక ఏర్పాటు ఉంది: మనం పర్వాలేదు అన్నా వినకుండా కాఫీ తెచ్చిపెట్టే మనిషి ఎదురుగా ఉండాలి. మ్యూనిక్‌లో నేను పర్వాలేదు అన్నప్పుడల్లా వాళ్లు దానిని నిజమని నమ్మారు. వాళ్ల తప్పు ఏమీ లేదు. మొదటి ఏడాదంతా నేను ఒంటరిగా గడపడానికి సగం కారణం ఇదేనని ఇప్పుడు నాకు తెలుస్తోంది.

రెండో ఏడాది సాయంత్రం పూట జర్మన్ భాష తరగతిలో చేరాను. అక్కడ ఇరాన్ రాజధాని టెహ్రాన్‌నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి, కొలంబియాలోని బొగోటానుంచి వచ్చిన ఒక నర్సు, చెన్నైకి చెందిన ఒక ఇంజనీరు నా వరసలో కూర్చునేవారు. మొదటి నెలలోనే ఉపాధ్యాయురాలు నా వాక్యం ఒకటి సరిదిద్దారు. చలిగా ఉందని చెప్పడానికి నేను ఇంగ్లీషు అలవాటుకొద్దీ ‘ఇఖ్ బిన్ కాల్ట్’ అన్నాను. జర్మన్ భాషలో అలా అంటే నేను చల్లని మనిషిని, నాలో ఆప్యాయత లేదు అనే అర్థం వస్తుందట. ‘మియర్ ఇస్ట్ కాల్ట్’ అనాలి, అంటే ‘నాకు చలిగా ఉంది’. నాకు, అని మొదలుపెట్టడం. మనం మాట్లాడేదీ సరిగ్గా అలాగే కదా! నాకు ఆకలి వేస్తోంది, నాకు భయంగా ఉంది, నాకు చలిగా ఉంది అంటాం. ఇంగ్లీషు మీదుగా వెళ్లడంవల్ల తప్పిన దారి తెలుగునుంచి నేరుగా వెళ్లి ఉంటే దొరికేది. ఆ చిన్న వాక్యం తరువాత నాకు ఎంత అవసరపడిందో చెబుతాను.

ప్రయాణానికి పిలుపు వచ్చింది మాత్రం మా ఆఫీసులో పనిచేసే ఒక బవేరియా మహిళనుంచి. బవేరియా అంటే మ్యూనిక్ ఉన్న జర్మన్ రాష్ట్రం. అక్కడ ‘బయర్న్ టికెట్’ అని ఒకటి ఉంది. ఆ రాష్ట్రమంతటా ప్రాంతీయ రైళ్లలో ఒక రోజంతా తిరగవచ్చు, ఒకే టికెట్టు మీద ఐదుగురిదాకా కలిసి వెళ్లవచ్చు. మనుషులు పెరిగేకొద్దీ తలకు పడే ఖర్చు తగ్గుతుంది కాబట్టి, ఐదో మనిషికోసం వెతుక్కోవడం అక్కడి విద్యార్థులకు మామూలు సంగతి. పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది తరువాతే చెల్లుతుంది. శనివారం కనుక మేము ముందుగానే బయలుదేరగలిగాం. ప్రయాణించేవారి పేర్లు ఆ టికెట్టు మీద రాయాలి. స్టేషన్‌లో చలికి వేళ్లు వంగకుండా ఉన్నా, ఆమె తన పేరు రాసి కలం మాకు అందించింది, ఒకరి తరువాత ఒకరం రాశాం. ఫారసీ పేరు, స్పానిష్ పేరు, తమిళ పేరు, నా తెలుగు ఇంటిపేరు ఒకే కాగితం మీద వరసగా కనిపించినప్పుడు, ఆ దేశానికి వెళ్లిన తరువాత ఒక జట్టులో నా పేరు చేరడం అదే మొదటిసారి అని నాకు గట్టిగా అనిపించింది.

రైలు బయలుదేరేసరికి మ్యూనిక్ మీద పొగమంచు దట్టంగా ఉంది. ఆ నగరం 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన విజయవాడ పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. జనవరి మూడో వారంలో మనకు పగలు పదకొండు గంటలకు పైగా ఉంటే, అక్కడ తొమ్మిది గంటలే. ఉదయం ఎనిమిదికి దగ్గరపడితేగాని తెల్లవారదు, సాయంత్రం ఐదు లోపే చీకటి పడుతుంది. ఈ లెక్కే ఆ రోజు మా ప్రతి నిర్ణయం వెనకా ఉంది. దక్షిణంగా గంటసేపు వెళ్లాక, మూర్నావ్ అనే ఊరు దాటేసరికి పొగమంచు వెనకబడిపోయి, నీలాకాశం కింద తెల్లని కొండలు ఒక్కసారిగా కనిపించాయి. చలికాలపు రాత్రుల్లో నేల వేడిని కోల్పోయినప్పుడు, దానిని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లంలో నిలిచిపోతుంది. దానికన్నా వెచ్చని గాలి పైన మూతలాగా కూర్చుంటుంది. పొగమంచు ఆ మూత కిందనే ఉండిపోతుంది. భోగి నాటి తెల్లవారుజామున మన వీధుల్లో వేసిన మంటల పొగ పైకి వెళ్లకుండా కృష్ణ ఒడ్డున పరుచుకుని ఉండడం మీరందరూ చూసే ఉంటారు. కారణం అదే.

మేము దిగిన ఊరు గార్మిష్-పార్టెన్‌కిర్షెన్. 1936లో శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగింది అక్కడే. అంతకుముందు విడివిడిగా ఉన్న గార్మిష్, పార్టెన్‌కిర్షెన్ అనే రెండు ఊళ్లను ఆ క్రీడలకోసమే కలిపారు. స్టేషన్ బయటికి వస్తే ఎదురుగా వెట్టర్‌స్టైన్ పర్వతశ్రేణి, అందులో 2,962 మీటర్ల త్సూగ్‌స్పిట్సె, అంటే జర్మనీలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. దాని మీదికి 1930నుంచి పళ్లచక్రాల రైలు ఉంది. మేము అంత పైకి వెళ్లలేదు. ఊరినుంచి నడిచి వెళ్లి, పార్ట్నాఖ్ అనే నది కొండను చీల్చుకుంటూ వెళ్లే ఇరుకు లోయలోంచి దాటి, ఆ పైన 1,237 మీటర్ల ఎత్తున్న ఎక్‌బావర్ అనే కొండకు చేరుకోవాలన్నది మా ఆలోచన.

ఆ ఇరుకు లోయ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పొడవు 700 మీటర్లే. రెండు వైపులా రాతిగోడలు 80 మీటర్లదాకా లేచి ఉంటాయి, కొన్నిచోట్ల ఆకాశం ఒక పంచె అంచంత మాత్రమే కనిపిస్తుంది. కాలిబాటను నది పక్కన రాతిలోకి తొలిచారు. మధ్యమధ్య చిన్న సొరంగాలు వస్తాయి. ఒకప్పుడు పైనున్న అడవుల్లో కొట్టిన దుంగలను ఈ నీళ్లలోనే వదిలి కిందికి తెచ్చేవారట. 1912లో దానిని రక్షిత ప్రకృతి చిహ్నంగా ప్రకటించారు. వేసవిలో రాతి గోడలనుంచి ఊరి కారే నీరు, చలికాలంలో ఊరుతూనే గడ్డకడుతుంది. బొట్టు మీద బొట్టు చేరి తాటిచెట్టంత పొడుగు మంచు ఊడలు పైనుంచి వేలాడతాయి. మర్రిచెట్టు కింద నిలబడ్డట్టు ఉంటుంది. లోపల చిక్కుకున్న గాలిని బట్టీ, పడే వెలుతురును బట్టీ ఒక ఊడ పాలరంగులో, మరొకటి నీలంగా, ఇంకొకటి కలకండ పలుకులాగా కనిపిస్తుంది. వాటి మధ్య కింద నది మాత్రం గడ్డకట్టకుండా, పెద్ద చప్పుడుతో పరిగెడుతూనే ఉంటుంది.

మన భాషలో ఈ అన్నిటికీ మంచు అనే మాటే ఆధారం. మిరపచేల మీద ధనుర్మాసంలో కురిసేదీ మంచే, హిమాలయం మీద ఉన్నదీ మంచే. హిమం, తుహినం, నీహారం కావ్యాల్లో ఉన్నాయి గాని రోజువారీ మాటల్లోకి రాలేదు. రావలసిన అవసరం కృష్ణా తీరంలో ఎవరికీ కలగలేదు. ఆ రోజు చెట్లను కప్పిన పొడిమంచునూ, బాటమీది గాజులాంటి గడ్డనూ, కొమ్మల అంచుల్లో ముళ్లలాగా పెరిగిన తెల్లటి నూగునూ వేరువేరుగా చూపించి, మా బవేరియా మిత్రురాలు వేరువేరు పేర్లు చెప్పింది. పేరు తెలిశాక అడుగు ఎక్కడ వేయాలో కూడా తెలిసింది, ఎందుకంటే పొడిమంచు మీద కాలు నిలుస్తుంది, గాజుగడ్డ మీద జారుతుంది. దానికోసం బూట్ల కింద తొడుక్కునే ఇనుపముళ్ల గొలుసులు ఆమె ఐదు జతలు తెచ్చింది.

నది గురించి ఆమె చెప్పిన మరొక సంగతి నా మనసులో నిలిచిపోయింది. త్సూగ్‌స్పిట్సె కింది హిమానీనదం కరిగిన నీరు సున్నపురాతి పొరల్లోకి ఇంకి, దిగువన రైన్‌తాల్ లోయలో పార్ట్నాఖ్‌గా పైకి వస్తుంది. అది లోయిజాఖ్‌లో కలుస్తుంది, లోయిజాఖ్ ఈజార్‌లో కలుస్తుంది, ఈజార్ మ్యూనిక్ మధ్యనుంచి ప్రవహించి డాన్యూబ్‌లో చేరుతుంది, డాన్యూబ్ నల్లసముద్రానికి వెళ్తుంది. అంటే నేను రోజూ ఆఫీసుకు వెళ్తూ వంతెన మీదనుంచి చూసే నీటిలో ఈ లోయ నీరు కూడా ఉందన్నమాట. మహాబలేశ్వరంలో పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే నది ఒడ్డున పెరిగినవారికి ఆ మాట వింటే ఊరు కొంచెం దగ్గరవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను వేసుకున్న చేతితొడుగులు నూలువి. మంగళగిరి నేత చూసి పెరిగినవాళ్లకు నూలు మీద ఉండే నమ్మకం నాకూ ఉంది, మన ఎండల్లో దానికి మించిన బట్ట లేదు కూడా. కాని నూలు తడిని పట్టి ఉంచుతుంది. నీరు ఒంటినుంచి వేడిని, గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాక్కుంటుంది. లోయలో మంచు ఊడలను ముట్టుకుని చూస్తూ నడిచాను, తొడుగులు తడిశాయి. ఎండ చొరబడని ఆ చోట వేళ్లు మొదట మండాయి, తరువాత బాగా నొప్పి పెట్టాయి, ఆ తరువాత నొప్పి పోయింది. బొగోటా మిత్రురాలు వెనక్కి తిరిగి, ‘చేతులు ఎలా ఉన్నాయి?’ అని అడిగింది. నేను పర్వాలేదు అన్నాను, జర్మన్‌లోనే. నొప్పి తగ్గింది కనుక నిజంగానే పర్వాలేదని అనుకున్నాను.

ఆమె నర్సు. ఆ సమాధానంతో ఆగలేదు. తొడుగులు తీయమంది. రెండు వేళ్ల కొసలు సున్నం రాసినట్టు తెల్లబడి ఉన్నాయి. ఆమె గిల్లితే నాకు తెలియలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోవడం మనకు తెలుసు, ఆ మాట మనకు ఉంది. వడదెబ్బ అనే మాటా ఉంది, రోహిణి కార్తెలో ఏంచేయాలో మన ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. కాని కొంకర్లు పోయిన తరువాత వచ్చే దశకు, స్పర్శ పోయి చర్మం గడ్డకట్టడానికి సిద్ధపడే దశకు, మనకు వాడుకలో మాట లేదు. మాట లేదు కాబట్టి గుర్తూ లేదు. నొప్పి ఆగిపోవడం మంచి సూచన అనుకున్నాను, కాని అక్కడ అదే మొదటి హెచ్చరిక.

అందరూ ఆగారు. రుద్దకూడదని, మంట దగ్గర పెట్టకూడదని, స్పర్శ లేని వేలికి కాలినా తెలియదని ఆమె చెప్పింది. తడి తొడుగులు తీసేసి, చేతులను నా చంకల్లోనే పెట్టుకోమంది. టెహ్రాన్ మిత్రుడు తన సంచిలోంచి ఉన్ని తొడుగులు ఒక జత తీశాడు. ఇరాన్ అంటే ఎడారి అని నేను అనుకునేవాణ్ణి. అతను ఆల్‌బోర్జ్ పర్వతాల పాదాల దగ్గర పెరిగాడు, ఐదు వేల అయిదువందల మీటర్లు దాటిన దమావంద్ శిఖరం గురించి మన ఇంద్రకీలాద్రి గురించి మనం చెప్పుకున్నట్టు చెప్పేవాడు. ఒక జత ఎప్పుడూ అదనంగా పెట్టుకోవాలని వాళ్ల నాన్న నేర్పాడట. పది నిమిషాలకు వేళ్లలోకి రక్తం తిరిగివచ్చింది, దానితో చెప్పలేనంత నొప్పి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆమె ‘ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?’ అంది. ‘మియర్ ఇస్ట్ కాల్ట్’ అన్నాను. నాకు చలిగా ఉంది. ‘చాలా నొప్పిగా ఉంది. భయపడ్డాను.’

ఆ మూడు వాక్యాలు నేను ఆ దేశంలో ఎవరితోనూ అంతవరకు అనలేదు. వాళ్లు చాలా మామూలుగా విన్నారు. అక్కడినుంచి మా బవేరియా మిత్రురాలు ఒక నియమం పెట్టింది: ప్రతి అరగంటకు ఆగాలి, ప్రతి ఒక్కరూ తమ వేళ్ల గురించీ పాదాల గురించీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ముఖాలు ఒకరివి ఒకరు చూడాలి. ఎవరి ముక్కు తెల్లబడిందో వారికి తెలియదు, ఎదుటివారికే కనిపిస్తుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందు నడవాలి, మిగిలినవాళ్లు ఆ వేగాన్నే అనుసరించాలి. అలసటను దాచడం ఇక్కడ మర్యాద కాదు, ఎందుకంటే దాచినవారు పడిపోయిన చోట మిగిలిన నలుగురూ చీకట్లో ఆగిపోవలసి వస్తుందని ఆమె వివరించింది. అక్కడి పర్వత రక్షకదళం బెర్గ్‌వాహ్ట్ 1920లో మ్యూనిక్‌లోనే పుట్టింది. అందులో పనిచేసేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఆమె బంధువు ఒకరు అందులో ఉన్నారు. మన మొహమాటానికి మూల్యం వాళ్లు చెల్లిస్తారని ఆమె అన్న మాట ఆమె గొంతులోని గంభీరత వల్ల నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

కొండల్లో సాయం కోరే సంకేతం కూడా ఆమె అప్పుడే నేర్పింది. నిమిషానికి ఆరుసార్లు ఈల గాని దీపం గాని సంకేతం ఇవ్వాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరు. విన్నవారు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. యూరప్ అంతటా అత్యవసర ఫోన్ నంబరు 112. కాని చలిలో ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, దానిని ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి. వెళ్లబోయే పిల్లలు ఈ రెండు సంగతులూ రాసుకోవాలని కోరుతున్నాను.

లోయ దాటాక అడవిబాట. పైకి ఎక్కేకొద్దీ ఎండ వచ్చింది. తాజా మంచు, పడిన వెలుతురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా వెనక్కి కొడుతుంది కాబట్టి, అంత చలిలోనూ నల్లకళ్లద్దాలు లేకుండా నడవలేం. ఎదురుగా వచ్చేవాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు, మమ్మల్ని పలకరించి వెళ్లారు. నగరంలో వాళ్లు అపరిచితులను ‘జీ’ అంటారు, అంటే మన ‘మీరు’. కొండ మీద అందరూ ‘డూ’, అంటే ‘నువ్వు’. ఈ తేడా ఏమిటో ఇంగ్లీషులో వివరించడం కష్టం, తెలుగువాళ్లకు వివరించనే అక్కరలేదు. ఏడాదిపాటు ఆఫీసులో నన్ను మీరు అన్న మనిషి ఆ బాట మీద నన్ను నువ్వు అంది. మన ఇళ్లలో ఆ మార్పు రావడానికి ఎంత కాలం పడుతుందో, వచ్చినప్పుడు మనసుకు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఎక్‌బావర్ పైన సత్రం గోడను ఆనుకుని ఎండలో కూర్చున్నాం. మా కుటుంబం కార్తీకమాసంలో కోటప్పకొండకో ఉండవల్లికో వెళ్లి ఉసిరిచెట్టు కింద తినడం నాకు గుర్తు వచ్చింది. వాళ్లు గోధుమరొట్టె, జున్నుగడ్డ, ముల్లంగి తెచ్చారు. నేను గుంటూరునుంచి పార్సిల్‌లో వచ్చిన అరిసెలు తెచ్చాను. చలికి అవి పలకల్లాగా గట్టిపడితే, కోటు లోపల పెట్టుకుని ఒంటి వేడికి మెత్తబరిచి పంచాను. ‘బాగుందా?’ అని అడిగితే బొగోటా మిత్రురాలు, ‘తీపి ఎక్కువ, కాని ఇంకొకటి ఇవ్వు’ అంది. అంతకన్నా నిజమైన మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

దిగేముందు చెన్నై మిత్రుడు, అంతవరకు మా అందరిలోకీ తక్కువ మాట్లాడినవాడు, తనంతట తానే నోరు తెరిచి, ‘నాకు మోకాలు నొప్పిగా ఉంది, దిగలేను’ అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో ఐదుగురిలో నాకే ఎక్కువ తెలుసు, మేమిద్దరం ఒకే రకం ఇళ్లలో పెరిగాం కాబట్టి. ఎవరూ నిరాశ పడలేదు. నడిచి దిగాలన్న ఆలోచన మానుకుని రోప్‌వేలో దిగాం. రైలు ఎక్కేసరికి కొండల మీద గులాబీరంగు వెలుతురు కొంచెం మిగిలి ఉంది.

ఆ రాత్రి గదికి చేరాక అమ్మ ఫోన్ చేసింది. గుంటూరులో అప్పటికి అర్ధరాత్రి దాటింది. నేను కొండకు వెళ్లానని తెలుసు కనుక నిద్రపోకుండా కూర్చుంది. ‘చలి ఎలా ఉందిరా?’ అని అడిగింది. పర్వాలేదమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, ‘చాలా చలిగా ఉందమ్మా, వేళ్లు ఇంకా నొప్పిగా ఉన్నాయి’ అని జరిగిందంతా చెప్పాను. ఆమె కంగారుపడుతుందని అనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, దసరానుంచి తనకు కుడి మోకాలు సరిగా వంగడం లేదని, మెట్లు ఎక్కలేక మేడ మీది గది తాళం వేసేసిందని, నేను దూరాన ఉండి బాధపడతానని చెప్పలేదని నెమ్మదిగా చెప్పింది. తెల్లవారాక నేను చేసిన మొదటి పని ఆమెకోసం డాక్టరు అపాయింట్‌మెంటు అడగడం.